మైకమ్మ కసిరిన పెద్దాయన

మా అత్తయ్యకు కోపం తెప్పించడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. మైకు మీద వేలితో టకటకా కొట్టి, నోరు దగ్గర పెట్టి ఉఫ్ ఉఫ్‌మని ఊదితే చాలు. ఎదురుగా ఉన్నది మంత్రిగారైనా సరే, బడి పెద్ద పంతులుగారైనా సరే, ఆవిడ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఒకసారి ఎన్నికల సభలో అభ్యర్థి అలాగే కొడితే, నిద్రపోయే పాపాయిని కూడా ఇలాగే చెంప మీద కొట్టి లేపుతావా అని అందరి ముందూ అడిగేసింది. ఆయన నవ్వేసి ఊరుకున్నాడు. గెలిచాక కూడా మా మైకు సెట్టే పెట్టించుకున్నాడు, అది వేరే సంగతి.

ఊరంతా ఆవిడను మైకమ్మ అంటారు. అసలు పేరుతో పిలిస్తే ఆవిడే పలకదేమోనని నా అనుమానం. కోడలిగా ఆ ఇంటికి వచ్చిన కొత్తలో ఆ పేరు వింటే నాకు ఒళ్లు మండేది. నేను మందుల దుకాణంలో పనిచేస్తాను. జ్వరం మాత్రలకు వచ్చినవాడు మాత్రలు పుచ్చుకుని తన దారిన తాను పోవచ్చు కదా. పోడు. నువ్వు మైకమ్మ కోడలివి కదూ అని పళ్లికిలిస్తాడు. మీ అత్త నిన్ను కూడా మైకులోనే తిడుతుందా అని అడుగుతాడు. తిట్టడానికి ఆవిడకు మైకు దేనికి? వీధి చివరిదాకా వినపడే గొంతు దేవుడే ఇచ్చాడు.

ఆ ఇల్లు ఇల్లు కాదు, స్పీకర్ బాక్సుల సత్రం. ముందు గదిలో నిలువెత్తు బాక్సులు, మంచం కింద పాత యాంప్లిఫయర్లు, గోడకు కొట్టిన మేకులన్నిటికీ చుట్టలు చుట్టలుగా వైర్లు. చుట్టాలొస్తే కుర్చీ వెతికే పని లేదు, ఏదో ఒక పెద్ద బాక్సు చూపించి కూర్చోమనడమే. ఒకసారి మా అమ్మ వచ్చి, తెలియక, బాక్సు మీద నీళ్ల గ్లాసు పెట్టింది. మా అత్తయ్య ఏమీ అనలేదు. గ్లాసు తీసి మా అమ్మ చేతిలో పెట్టి, బాక్సును కొంగుతో తుడిచి లోపలికి వెళ్లింది. దానికంటే రెండు తిట్లు తిట్టినా బాగుండేదని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

మామయ్యగారిని నేను చూడలేదు. మైకు సెట్టు దుకాణం ఆయన పెట్టిందే. ఆయన జబ్బు చేసి పోయేనాటికి నా మొగుడు ఇంకా బడికి పోతున్నాడట. సామానంతా అమ్మేసి ఇంటి పట్టున ఉండమని బంధువులు సలహా చెప్పారు. ఆడది నిచ్చెనెక్కి హారన్లు కడుతుందా, నలుగురిలో వైర్లు లాగుతుందా అని బుగ్గలు నొక్కుకున్నారు. అత్తయ్య అందరి మాటా విని, అందరికీ టీ ఇచ్చి పంపించి, తలుపేసుకుని, పాడైపోయిన యాంప్లిఫయర్ ఒకటి విప్పింది. ఏది ఎక్కడిదో మరిచిపోకుండా, తీసిన ముక్కను తీసినట్టే దుప్పటి మీద వరసగా పేర్చింది. విప్పడం, కట్టడం, మూగగా ఉంటే మళ్లీ విప్పడం. చివరికి అది మాట్లాడిన రోజున, కొడుకు పుట్టిన రోజుకంటే ఎక్కువ సంబరపడ్డానని చెబుతుంది. ఆ మాట ఆ కొడుకు ముందే చెబుతుంది.

సినిమాలకు పాటలు కట్టిన ఒక సంగీత దర్శకుడంటే ఆవిడకు పిచ్చి, అది ఎలా పట్టిందో కూడా చెప్పాలి. అందరూ సినిమా చూసి పాటలను ఇష్టపడతారు. ఈవిడ బాక్సులు పరీక్ష చేస్తూ ఇష్టపడింది. ఎక్కడ సెట్టు పెట్టినా "హలో హలో, మైక్ టెస్టింగ్" అనడం మా అత్తయ్యకు నామోషీ. ఆయన పాట ఒకటి వేస్తుంది. ఆయన కట్టిన పాటలన్నీ పెద్ద పెద్ద గాయకులు పాడినవే గానీ, ఒక్క పడవ పాట మాత్రం ఆయన తన సొంత గొంతుతో పాడుకున్నాడు, ఈవిడ వేసేది అదే. చెవిలో చెప్పే రహస్యంలా మొదలై, రెండో చరణంలో ఒకచోట నిచ్చెనెక్కినట్టు పైపైకి పోతుంది. అక్కడ బాక్సు గరగరమనకుండా నిలబడిందా, ఇక ఆ రోజుకు దిగుల్లేదు. బాక్సులకుండే జబ్బులన్నీ ఆయనకు ముందే తెలుసని, ఒక్కటీ దాచుకోనివ్వకుండా పాట కట్టాడని ఆవిడ వాదన.

నా సంగతి అంటారా, చెవిటివాడి ముందు శంఖమే. రాగమూ తెలియదు, తాళమూ తెలియదు. కానీ పెళ్లయిన నాటి నుంచీ అదే పాట చెవిలో పోస్తుంటే ఎవరికైనా వచ్చి తీరుతుంది. అది ఎక్కడ మెట్టెక్కుతుందో, ఎక్కడ దిగుతుందో, మా ఇంటి మెట్లు కాళ్లకు తెలిసినట్టు నా చెవులకు తెలుసు.

మా ఊళ్లో ఆయన అభిమానుల సంఘం ఒకటుంది. బ్యాంకులో చేసి రిటైరైన పెద్దమనిషి దానికి అధ్యక్షుడు, అందరూ బ్యాంకాయన అంటారు. ఆదివారం పూట టైర్ల దుకాణం మేడ మీద చేరతారు. ఆ టైర్లాయన కుర్చీలు వేయించి, ఫలానా పాటలో ఫలానా చోట వేణువు ఒక్కటే ఉందా రెండున్నాయా అని గొడవ మొదలుపెడతాడు. ఇక చూసుకోండి, ఆస్తి తగాదా కూడా అంత గట్టిగా జరగదు. మా అత్తయ్య కూడా పోయేది. ఆవిడంటే వాళ్లకు గౌరవమే, వాళ్ల టేప్ రికార్డరు మొరాయించినప్పుడల్లా బాగుచేసేది ఆవిడే మరి.

సంఘంలో అందరికీ ఒకటే ఆశ, ఆయన్ను ఒక్కసారి మా ఊరికి రప్పించాలని, పక్కన నిలబడి ఫొటో దిగాలని. మా అత్తయ్య కోరిక వేరు. రికార్డులోంచి కాదు, ఆయన ఎదురుగా నిలబడి మాట్లాడితే ఆ గొంతు తన బాక్సుల్లోంచి రావాలి. ఒక్కసారి వస్తే చాలు, ఇంకేమీ వద్దనేది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట అని నేను వెక్కిరించేదాన్ని. ఆవిడ నా వైపు చూడకుండా వైరు చుట్టుకునేది.

ఒక ఏడాది బ్యాంకాయన వగర్చుకుంటూ మా ఇంటికి వచ్చాడు. మాస్టారు రావడానికి ఒప్పుకున్నారని చెప్పాడు. సంఘం వాళ్లు ఆయన్ను మాస్టారనే అంటారు. అత్తయ్య లేచి నిలబడింది. అంతలోనే బ్యాంకాయన గొంతు తగ్గించి ఒక షరతు కూడా చెప్పాడు. మాస్టారి గొంతుకు ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి ఆయన నలుగురిలో నోరు విప్పడం లేదు. అభిమానులు తమ జ్ఞాపకాలు చెబుతారు, ఆయన వింటారు, చివర్లో ఆయన కూతురు నాలుగు మాటలు చెబుతుంది, ఆ తర్వాత ఒక్కొక్కరూ వేదిక మీదికి వెళ్లి ఆయన్ను కలవచ్చు. ఆయన ముందు మాత్రం మైకు పెట్టకూడదు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు అయింది. మనిషి వస్తున్నాడు, సెట్టు మనదే, గొంతు మాత్రం రాదు. ఆ పూట అత్తయ్య కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చుంది. ఎప్పుడూ ఏదో ఒకటి అంటూ ఉండే మనిషి మాట్లాడకపోతే ఇల్లు ఇల్లులా ఉండదు. నేనే కావాలని బాక్సు మీద గిన్నె పెట్టాను, తిడుతుందేమోనని. తిట్టలేదు.

సరిగ్గా మాస్టారు వచ్చే రోజుకే మా ఆయన లారీ తోలుకుని దూరం పోయాడు. బాక్సులు మోయడానికి హాలు మనుషులున్నారు. వైర్లు పట్టడానికి మాత్రం తెలిసిన చెయ్యి కావాలట. నాకు దుకాణంలో సెలవు పెట్టించి మరీ లాక్కుపోయింది.

అది పాత హాలు. ఎత్తైన కప్పు, మధ్యలో రెండు వరసల స్తంభాలు, గడగడలాడుతూ తిరిగే ఫ్యాన్లు. ఒకరు దగ్గితే గోడలు కూడా దగ్గుతాయి. మేం మధ్యాహ్నమే చేరాం. అప్పటికి కుర్చీలు కూడా సర్దలేదు. కూతురు మాట్లాడడానికి వేదిక మధ్యలో ఒక మైకు నిలబెట్టి, అత్తయ్య వేదిక కిందికి దూరి వైర్లు కలుపుతోంది. నేను వేదిక పక్కన నిలబడి చుట్ట విప్పుతున్నాను. ఉన్నట్టుండి బాక్సుల్లోంచి టకటకటక. ఆ వెంటనే ఉఫ్, ఉఫ్.

"ఎవరయ్యా అది?" అంది అత్తయ్య కింది నుంచే. "ఆ మైకు నీకేం అపకారం చేసిందని కొడుతున్నావ్? కొట్టకు, ఊదకు. మాట్లాడాలనుంటే మాట్లాడు."

బాక్సుల్లోంచి సన్నగా, గాలిలో కలిసిపోయేట్టు ఒక మాట వచ్చింది.

"గొంతు లేదమ్మా."

"గొంతున్నవాడికి మైకెందుకయ్యా? లేనివాడికే కదా," అంది అత్తయ్య. "దగ్గరికి జరిగి మాట్లాడు. వినపడేట్టు చేసే పని నాది."

నేను తలెత్తి చూశాను. తల మీద టోపీ, వదులు చొక్కా, కాస్త వంగిన నడుము. ఎవరో హాలు చూడ్డానికి వచ్చిన ముసలాయనలా ఉన్నాడు. ముఖం మాత్రం మా ముందు గది గోడ మీది ఫొటోలో రోజూ చూసే మాస్టారి ముఖం. అత్తయ్యా అని పిలవబోయాను. ఆవిడేమో ఇంకా రెండు దులుపుదామని మోకాళ్లు దులుపుకుంటూ బయటికి వచ్చింది, వచ్చి తల ఎత్తింది. చేతిలో ప్లగ్గు జారి కింద పడింది.

ఆయనకు కోపం రాలేదు. నవ్వాడు. నవ్వంటే చప్పుడు లేదు, భుజాలు కదిలాయంతే. తర్వాత బుద్ధిగా ఒక అడుగు ముందుకు జరిగి, పెదవులు మైకుకు ఆనించినంత దగ్గరగా పెట్టి, ఇప్పుడు వినపడుతోందా అని అడిగాడు. వినపడుతోందని అత్తయ్య ఆయన గొంతుకంటే చిన్న గొంతుతో చెప్పింది.

ఆయన దిగి వెళ్లి ముందు వరసలో కూర్చున్నాడు. అంతసేపూ గుమ్మం దగ్గర బ్యాంకాయనతో మాట్లాడుతున్న ఆయన కూతురు అప్పుడు లోపలికి వచ్చింది. ఆయన ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని చెవిలో ఏదో చెప్పాడు. ఆమె వద్దని తల ఊపింది. ఆయన మళ్లీ చెప్పాడు. ఆమె తిన్నగా యాంప్లిఫయర్ పెట్టిన మా బల్ల దగ్గరికి వచ్చింది. నా వయసే ఉంటుంది. కోపంగా వస్తోందనుకున్నాను, దగ్గరికి వచ్చాక చూస్తే భయం.

సాయంత్రం తనే మాట్లాడతానని నాన్న అంటున్నారని చెప్పింది. ఆపరేషన్ తర్వాత ఒకసారి ఏదో సభలో ఇలాగే లేచారట. మధ్యలో గొంతు పగిలి కీచుమంది. ముందు వరసలో ఇద్దరు నవ్వారు. ఎవరో దాన్ని ఫోన్లో తీసి ఊరంతా చూపించారు. ఆ రోజు నుంచి ఆయన బయట మాట్లాడడం మానేశారు, ఇంట్లోనూ మానేశారు. ఏం కావాలన్నా కాగితం మీద రాసి చూపిస్తారట, లేదంటే సైగ. మాట్లాడమని తను బతిమాలితే లేచి వేరే గదిలోకి వెళ్లిపోతారట. ఈసారి కూడా అలాగే జరిగితే ఇక ఎప్పటికీ నోరు తెరవరని చెబుతూ ఆ అమ్మాయి బల్ల అంచు పట్టుకుంది.

"నేను పక్కనే కూర్చుంటాను. గొంతు తెగినట్టు అనిపిస్తే చెయ్యి ఎత్తుతాను. వెంటనే మైకు ఆపేయండి. మాటివ్వండమ్మా."

"ఇచ్చాను తల్లీ," అంది అత్తయ్య.

ఆ అమ్మాయి అటు వెళ్లగానే నేను అత్తయ్య మీద విరుచుకుపడ్డాను. ఇది కొరివితో తల గోక్కోవడం కాక ఇంకేమిటని అడిగాను. ఆయన గొంతు పగిలినా అనేది మైకమ్మనే, మైకు కూసినా అనేది మైకమ్మనే, అంత పెద్దమనిషిని నలుగురిలో నవ్వులపాలు చేసిందని రేపు ఊరంతా చెప్పుకుంటుంది అన్నాను. రోట్లో తల దూర్చాక రోకటిపోటుకు వెరవడమేమిటే అని, ఆవిడ నా చేతికి వైరు చుట్ట ఇచ్చింది.

చిన్న గొంతుతో వచ్చిన చిక్కేమిటో అప్పుడే నాకు విడమరిచి చెప్పింది. గొంతు చిన్నదని సెట్టు పెంచితే, బాక్సులోంచి వచ్చిన మాటను మైకు మళ్లీ వింటుంది, విని కూస్తుంది. కాబట్టి మైకుకు బాక్సు వినపడకూడదు, జనానికి మాత్రం వినపడాలి. వేదికకు అటూ ఇటూ దర్జాగా నిలబెట్టిన బాక్సులన్నీ పీకించింది. హాలు మధ్యకు, చివరకు మోయించి, స్తంభాల పక్కన వేదికకు వీపు పెట్టి నిలబెట్టింది. మోసినవాళ్లు గొణిగారు. బాక్సులు ఇలా సంతలో గేదెల్లా అక్కడక్కడా నిలబడితే ఏం బాగుంటుందని బ్యాంకాయన గోల. మాస్టారు మాట్లాడేటప్పుడు ఫ్యాన్లు కూడా ఆపాలని చెప్పేసరికి జనం ఉడికిపోతారని ఆయనకే చెమటలు పట్టాయి. కాసేపు చెమట పోస్తే ఎవరూ చావరని అత్తయ్య చెప్పింది. నన్ను అందరికంటే వెనక వరసలో నిలబెట్టింది. మాట వినపడితే తల మీద చెయ్యి పెట్టుకోవాలి, వినపడకపోతే చేతులు కట్టుకోవాలి. అంతే నా ఉద్యోగం.

సాయంత్రానికి హాలు నిండింది. సంఘం వాళ్లు ఒక్కొక్కరే లేచి ఆయన్ను మొదటిసారి ఎలా కలిశారో చెప్పారు. బ్యాంకాయన కౌంటర్లో ఉన్న రోజుల్లో మాస్టారు వస్తే, సంతకం సరిపోలేదని అబద్ధమాడి రెండోసారి పెట్టించుకుని, ఆ కాగితం దాచుకున్నాడట. హాలంతా నవ్వింది. టైర్లాయన ఒకప్పుడు స్టూడియోకు టైర్లు దింపడానికి పోతే, రికార్డింగు చెడుతోందని లారీ ఇంజను ఆపమన్నారట. ఆపాక మాస్టారే బయటికి వచ్చి, ఆ చప్పుడు బాగుంది, మళ్లీ ఒకసారి వేయి అన్నారట. చివరగా ఒక నర్సు లేచింది. ఆపరేషన్‌కు తీసుకెళ్తుంటే మంచం చక్రం కిర్రుకిర్రుమంటోందట, భయపడుతున్నారేమోనని ఈమె చూస్తే ఆయన వేలితో దానికి తాళం వేస్తున్నారట. ఆయన ప్రతి మాటా వింటూ తల ఊపుతూ కూర్చున్నాడు. నవ్వాల్సిన చోట భుజాలు కదిలాయి.

నర్సు కూర్చోగానే ఆయన లేచాడు. ఫ్యాన్లు ఆగాయి. జనంలో గుసగుస మొదలైంది, ఎందుకు ఆపారని ఎవరో అరిచారు కూడా. ఆయన మైకు దగ్గరికి వచ్చేసరికి ఆ గుసగుస దానంతటదే పోయింది.

పెదవులు కదిలాయి. నాకేమీ వినపడలేదు. చేతులు కట్టుకున్నాను. అంత దూరంలో, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, బల్ల వెనక అత్తయ్య కొంచెం నాబ్ తిప్పింది. ఇంకా కట్టుకునే ఉన్నాను. ఇంకొంచెం తిప్పింది. అప్పుడు నా పక్కనున్న బాక్సులోంచి, పక్క కుర్చీలో కూర్చుని మెల్లగా చెబుతున్నట్టు, ఆయన మాట వచ్చింది. మీరంతా వచ్చినందుకు సంతోషం అంటున్నాడు. కూత లేదు, గరగర లేదు. నా చెయ్యి నెత్తి మీదికి ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. ఆ మాట ఎవరి బాక్సుల్లోంచి వచ్చిందని ఎవరైనా అడిగితే బాగుండుననిపించింది. మా అత్తయ్యవని చెబుదును.

అంతటితో ఆపి కూర్చుంటే అందరం బతికిపోయేవాళ్లం. ఆయన కూర్చోలేదు. కళ్లు మూసుకుని పడవ పాట ఎత్తుకున్నాడు.

కూతురు కుర్చీలోంచి లేచి నిలబడింది. సంఘం వాళ్లెవరూ అది ఊహించలేదు. పల్లవి దాటింది, మొదటి చరణం దాటింది. గొంతు సన్నగా ఉంది, అక్కడక్కడా గాలే వస్తోంది, అయినా దారి తప్పలేదు. రెండో చరణం మొదలయ్యేసరికి నేను మునివేళ్ల మీద లేచి నిలబడ్డాను. మెట్లు ఎక్కడున్నాయో నాకు తెలుసు కదా. ఆయన మొదటి మెట్టు ఎక్కాడు, రెండోది ఎక్కాడు, మూడోదాని మీద గొంతు బట్ట చిరిగినట్టు చిరిగిపోయింది.

కూతురి చెయ్యి లేచింది. వెనక వరసలో ఉన్న నాకే అంత స్పష్టంగా కనిపిస్తే, అత్తయ్యకు కనిపించకుండా ఎలా ఉంటుంది? కనిపించింది. ఆ చేతి వైపే చూస్తోంది. నాబ్ మీద వేళ్లు ఉన్నాయి, తిప్పడం లేదు. మాటిచ్చావు కదా, ఆపు, ఆపు అని నేను లోపల గొణుక్కుంటున్నాను. ఆ క్షణంలో ఆవిడ దొరికితే గట్టిగా నాలుగు అనేసేదాన్ని. ముందు వరసలో ఎవరిదో కుర్చీ కిర్రుమంది.

అప్పుడు మళ్లీ పాట వచ్చింది. అవే మాటలు. కానీ ఇదివరకు పైకెక్కిన చోట ఇప్పుడు కిందికి దిగుతోంది. ఆ మెట్లన్నీ తెలిసిన చెవులు నావి, ఇవి ఆ మెట్లు కావు. తొందర లేకుండా ఒక్కో మెట్టూ దిగి, అడుగున ఎక్కడో ఆగి, అక్కడ అలా నిలబడింది. సంగీతం రాని నాకు కూడా కళ్లలో నీళ్లు తిరిగాయి. తన వంతు అయ్యాక వెనక్కి వచ్చి నా పక్కన కూర్చున్న టైర్లాయన నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. ఎవరి చెయ్యి పట్టుకున్నాడో కూడా ఆయనకు తెలిసినట్టు లేదు.

"ఇది పాటలో లేదమ్మా," అన్నాడు. "ఇప్పుడు కడుతున్నారు. మన ముందు కడుతున్నారు."

ఆయన ఆ చోటును మళ్లీ పాడాడు. నచ్చినట్టుంది, మూడోసారి పాడుతూ చివర్లో చిన్నగా మార్చాడు కూడా. గొంతు ఎక్కలేనన్న చోట పాటకే వేరే దారి వేశాడు. పాట అయ్యాక మొదలైన చప్పట్లు ఫ్యాన్లు మళ్లీ వేసేదాకా ఆగలేదు.

జనం ఆయన్ను కలవడానికి వరస కట్టారు. ఆయన వేదిక మీద కుర్చీలో కూర్చుంటే మైకును ఆయన ముందుకు వంచి పెట్టారు. వాళ్ల మాటలు వాళ్లవని అత్తయ్య హాలు బాక్సులన్నీ ఆపేసింది, మైకు మాత్రం హెడ్‌ఫోన్‌లో బతికే ఉంది. నేను వెనక నుంచి పరుగెత్తుకుని బల్ల దగ్గరికి వచ్చేసరికి కూతురు అప్పటికే అక్కడుంది. ముఖం ఎర్రగా ఉంది.

"చెయ్యి ఎత్తాను కదా. చూశారు కూడా. మాటిచ్చి ఎందుకు ఆపలేదు?"

అత్తయ్య హెడ్‌ఫోన్ తీసింది. బుకాయించలేదు, సర్ది చెప్పలేదు.

"మాట తప్పాను తల్లీ. గొంతు తెగడం నేనూ విన్నాను. ఆపబోయాను. అంతలో ఆయన ఊపిరి పీల్చారు, ఇందులో వినపడింది. చాలా పెద్ద ఊపిరి. ఇక చాలనుకున్న మనిషి అంత ఊపిరి తీసుకోడమ్మా."

అత్తయ్య హెడ్‌ఫోన్‌ను ఆమె వైపు చాపింది. ఆమె తీసుకుని చెవులకు పెట్టుకుంది. పెట్టుకున్న కాసేపటికి అక్కడే ఉన్న ఖాళీ బాక్సు మీద కూర్చుంది. బాక్సు మీద కూర్చుంటే మా అత్తయ్య చూస్తూ ఊరుకునేది చుట్టాల విషయంలోనే.

వేదిక మీద ఆయన ఎదుట నర్సు వంగి నిలబడింది. ఆయన ఏదో చెబుతున్నాడు. తర్వాత టైర్లాయన వచ్చాడు, ఆయనతోనూ ఏదో చెబుతున్నాడు. కాగితం లేదు, సైగ లేదు. వచ్చిన ప్రతి మనిషితోనూ పెదవులు కదులుతున్నాయి. ఆయన వెనక్కి వాలినప్పుడల్లా అత్తయ్య నాబ్ కాస్త పెంచుతోంది, ముందుకు వంగినప్పుడు తగ్గిస్తోంది, ఆ అమ్మాయి చెవికి ఒక్క మాట కూడా జారిపోకుండా. ఇన్నేళ్లు ఆ ఇంట్లో వైర్లు తొక్కుకుంటూ తిరిగాను గానీ, ఆవిడ చేతులు పని చేస్తుంటే నిలబడి చూడడం నాకు అదే మొదలు.

వరస తరిగిపోతోంది. నేను అత్తయ్య భుజం తట్టాను. ఇంకా నలుగురైదుగురే ఉన్నారు, తొందరగా వెళ్లండి, ఇలాంటి రోజు మళ్లీ రాదు అన్నాను.

"నేను లేస్తే ఇది ఎవరు చూస్తారే?" అంది, చూపు వేదిక మీది నుంచి తిప్పకుండా.

నేను చూస్తానని చెప్పబోయాను. అంతలో బాక్సు మీద కూర్చున్న అమ్మాయి ఒక్కసారిగా పెద్దగా మాట్లాడింది. చెవులు మూసుకుపోయి ఉన్నవాళ్లకు తామెంత గట్టిగా మాట్లాడుతున్నదీ తెలియదు కదా. వరసలో ఉన్నవాళ్లందరూ వెనక్కి తిరిగి చూశారు.

"నాన్న నవ్వుతున్నారు," అంటోంది. "వినపడుతోంది. నాన్న నవ్వు వినపడుతోంది."

అత్తయ్య నాబ్ మీది నుంచి చెయ్యి తీయలేదు. వెళ్లమని నేను మళ్లీ చెప్పలేదు.